ఇంటిపేరుతో పోయే రోగం

సంబంధాలు చూడడంలో మా అన్నయ్యను మించినవాడు లేడు. ఆమదాలవలసలో ధాన్యం వ్యాపారం చేస్తాడు గానీ, అసలు ప్రాణమంతా అవతలివాళ్ల వంశాల మీదే. ఎవరి తాతకు ఎన్ని ఎకరాలు, ఎవరి మేనత్త ఎవరితో లేచిపోయింది, అన్నీ నోటికొచ్చు. మా పెద్దమ్మ దేంతో పోయిందని అడిగితే మాత్రం "ఏదో గడ్డ" అని తేల్చేసేవాడు.

ఆ గడ్డ రొమ్ము క్యాన్సర్. కొన్నేళ్లకు ఆమె చెల్లెలైన మా అమ్మకూ అదే వచ్చింది. ఇంటింటికీ వాట్సాప్ వచ్చిన రోజులు. బొప్పాయి ఆకు రసంతో క్యాన్సర్ మాయమన్న మెసేజీ అన్నయ్య నాకు రోజూ పంపేవాడు. విశాఖలో డాక్టరమ్మ అమ్మ రక్తం పరీక్ష చేయించి మా ఇద్దరినీ కూర్చోబెట్టింది. "మీ అమ్మగారికి పుట్టుకతోనే ఒక జన్యువులో మార్పు ఉంది. అది మీలో ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం సగం. కొడుకైనా కూతురైనా ఒకటే. ఉంటే క్యాన్సర్ వచ్చి తీరుతుందని కాదు, ముప్పు ఎక్కువ. ముందే తెలిస్తే జాగ్రత్త పడొచ్చు" అంది.

తిరుగు బస్సులో అన్నయ్య నవ్వాడు. "ఆడోల్ల రోగం నాకెలాగొస్తాదే? నీకూ రాదు. పెల్లయి ఇంటిపేరు మారిపోనాది. రేపు అమ్మ పోతే నీకు మూడు రోజులే మైల. మైలే అంటనిది రోగం అంటతాదేటి?"

అమ్మ ముందు సీట్లోనే ఉంది. అంతా వింది.

అమ్మ పోయాక నేను పరీక్ష చేయించుకున్నాను. నాకు ఆ మార్పు లేదు. "సూసినావా, నాను సెప్పలేదా!" అని అన్నయ్య కోవా పట్టుకుని విజయనగరం వచ్చాడు. ఒళ్లు మండింది. అయినా బతికిపోయానన్న సంబరంలో రెండు బిళ్లలు తిన్నాను. నా బుద్ధీ అంతే.

అతని కూతురు మా ఇంట్లోనే ఉండి పీజీ చదువుతోంది. నా రిపోర్టు చదివి, "నాకూ సేయించత్తా" అంది. అన్నయ్యకు చెప్పకుండా తీసుకెళ్లాను. దానికి ఉంది. అమ్మలో ఉన్న మార్పే.

ఇద్దరం ఆమదాలవలస వెళ్లి చెప్పాం. అన్నయ్య వెంటనే వదిన వైపు వేలు చూపించాడు. "దీని పుట్టింటోల్ల నుంచి వచ్చుంటాది."

"అది మన అమ్మదే. నీ ద్వారానే వచ్చింది" అన్నాను. జాలిపడాల్సిన చోట నాకు అసహ్యమే వేసింది.

అతను గొంతు తగ్గించాడు. "ఎవులికీ సెప్పకండి, సంబంధాలు రావు. పెల్లయిపోనీ, అన్నీ సద్దుకుంటాయి."

"ఇంటిపేరు మారితే తగ్గిపోతాదా నాన్నా?" అంది మేనకోడలు.

"మరేటి!"

"నానమ్మకీ పెల్లిలో మారింది కదా. ఆవిడకెందుకు తగ్గలేదు?"