పన్నెండు ట్యూబులూ మా మేడంగారూ

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నా రాత కోడి కెలికినట్టుంటుంది. ఊళ్లో ఏడో తరగతి దాకా చదివాను. వత్తులు ఉండాల్సిన చోట ఉండవు. అచ్చు వేసేవాళ్లు దిద్దుకోండి.

మా మేడంగారు పోయిన మంగళవారం గుంటూరులో, వాళ్ల ఇంట్లోనే కన్నుమూశారు. ఆవిడ దగ్గర పరిశోధన చేసిన అమ్మాయి ఫోను చేసి చెప్పింది. ఆ అమ్మాయి ఇప్పుడు తనే కాలేజీలో పాఠాలు చెబుతోంది. "బాబాయ్, మేడం వెళ్లిపోయారు," అంది. నేను "ఆ" అన్నాను. "మేడం జ్ఞాపకాలతో చిన్న పుస్తకం వేస్తున్నాం. సభలో మాట్లాడమంటే మీరు ఎలాగూ మాట్లాడరు. నాలుగు ముక్కలు రాసి పంపండి," అంది. అందుకని రాస్తున్నాను.

నేను మేడంగారి ల్యాబులో గాజు సామాను కడిగేవాణ్ణి. అంతకు ముందు చీరాలలో మా అన్నయ్యతో కలిసి మగ్గాల వాళ్లకి నూలుకి రంగులు వేసేవాణ్ణి. ఆ రసాయనాలు పడక చేతులు పుళ్లు పడుతుంటే, ఆ పని మానేసి గుంటూరు వచ్చాను.

మొదటి రోజు ఆవిడ నన్ను కుర్చీలో కూర్చోమన్నారు. నేను నిలబడే ఉన్నాను.

"ఇక్కడ ఏం పని జరుగుతుందో తెలుసాండీ?"

"తెలియదండి."

"తెలియకుండా కడిగితే విసుగు పుడుతుంది. కూర్చోండి, చెబుతాను."

అప్పుడు చెప్పారు. టీబీ క్రిమికి గాలి అందకపోతే వెంటనే చచ్చిపోదట. ముడుచుకుని పడుకుంటుందట. మనిషి ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి అలా పడి ఉండగలదట. మన మందులు మెలకువగా ఉన్నదాన్ని త్వరగానే చంపుతాయి, పడుకున్నదానికి ఒక పట్టాన పనిచెయ్యవు. అందుకే నెలల తరబడి మాత్రలు మింగాలి. దగ్గు తగ్గింది కదా అని జనం మధ్యలో మానేస్తారు, అది మళ్లీ లేస్తుంది. "లేచి ఉన్నదాన్ని ఎవరైనా కొడతారండీ. పడుకున్నదాన్ని కొట్టే మందు కావాలి. మన వెతుకులాట దానికోసమే," అన్నారు. నాతో "మన" అన్నారు. నాకది చాలా రోజులు గుర్తుండిపోయింది.

ఎవరు దగ్గినా ఆవిడ వదిలిపెట్టేవారు కాదు. మిరపకాయల రోజుల్లో గుంటూరంతా దగ్గుతూనే ఉంటుంది. ఒకసారి ఇద్దరం సామాను కోసం ఆటోలో వెళుతున్నాం. ఆటో అతను దగ్గుతున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి బాబూ?"

"ఇదేముందమ్మా, యార్డు దగ్గర తిరుగుతానుగా. మిరపకాయ ఘాటు."

"మిరపకాయలు యార్డులో ఉంటే, నీ దగ్గు నీతో ఇంటికెందుకొస్తోందయ్యా? రెండు వారాలు దాటిందా?"

"ఈవిడేంటి సార్, ఆటో ఎక్కిందా, ఆస్పత్రి పెట్టిందా?" అని అతను నన్నడిగాడు. నేను నవ్వాను. ఆవిడ అతన్ని కఫం పరీక్షకు తీసుకెళ్లేదాకా ఆటో దిగలేదు. అతనికి ఏమీ లేదని తేలింది. ఆవిడ ఆ రోజంతా సంతోషంగా ఉన్నారు.

ఇక ట్యూబుల సంగతి.

మా గదిలో పెంచేది అసలు టీబీ క్రిమిని కాదు, జబ్బు తెప్పించని దాని చుట్టాన్ని. దాన్ని పన్నెండు ట్యూబుల్లో పోసి, గాలి చొరకుండా మూతలు బిగించి, వారాల తరబడి ఉంచింది ఇప్పుడు ఫోను చేసిన ఆ అమ్మాయే. లోపలున్న గాలి అయిపోతే అది పడుకుంటుంది. గాలి అయిపోయిందని తెలియడానికి ఒక ట్యూబులో కాదు, అన్నిట్లోనూ నీలం రంగు చుక్క వేశారు. నీలం పోతే గాలి పోయినట్టు. ఆ ముక్క నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఒక శనివారం గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. చూస్తే పన్నెండూ వెలిసిపోయి ఉన్నాయి. అయ్యో, పిల్ల కష్టం పాడైపోయింది అనుకున్నాను. రంగు తొట్టిలో నూలు కూడా అంతే. తొట్టిలో ఉన్నంతసేపు నీలం కనపడదు, పైకి తీసి గాలికి పెడితే వస్తుంది. నాకు తెలిసిన వైద్యం అదే. మూతలు వదులు చేసి, ట్యూబులు ఆడించాను. పైనుంచి నీలం దిగుతూ వచ్చింది. గాలి ఆడనీ అని మూతలు అలాగే వదిలేసి, మంచి పని చేశాననుకుంటూ ఇంటికెళ్లాను.

సోమవారం ఆ అమ్మాయి ఏడుస్తోంది. "నేనే సరిగ్గా బిగించలేదు మేడం. మూడు నెలల పని పోయింది," అంటోంది. అప్పుడు నాకు అర్థమైంది. సింకు దగ్గరికి వెళ్లి సీసాలు కడుగుతూ ఉండిపోయాను.

బుధవారం మధ్యాహ్నం మేడంగారు తన క్యారేజీ తనే కడుక్కుంటుంటే పక్కకు వెళ్లి నిలబడ్డాను.

"మేడంగారూ, ఆ మూతలు..."

"ఊ?"

"నేనేనండి."

ఆవిడ కుళాయి కట్టేశారు. స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఎందుకు తీశారు?" అన్నారు. చెప్పాను. రంగు తొట్టి గురించి అడుగుతూనే పోయారు. చివరికి, "మీరు చేసింది తప్పు. మీకు తెలిసింది మాత్రం తప్పు కాదు," అన్నారు. లేచి, "తన తప్పు కాదని ఆ అమ్మాయికి చెబుతాను. ఎవరిదో నేను చెప్పను. అది మీరే చెప్పాలి. ఎప్పుడు చెబుతారో మీ ఇష్టం," అన్నారు.

ఆ నెల్లోనే ఆవిడ చీరాల వచ్చారు, తొట్టి చూస్తానని. చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, కర్ర పట్టుకుని తనే నూలు కట్టలు, మేం చిలపలంటాం, పైకి తీశారు.

"ఏరా, పెద్ద సైంటిస్టు అన్నావు. తొట్టి దగ్గర నిలబెట్టావేంట్రా?" అన్నాడు అన్నయ్య.

"ఆవిడే నిలబడ్డారు."

"అన్నయ్యగారూ, నీలం అన్నారు, ఇది ఆకుపచ్చగా ఉందేంటండీ?"

"ఆగమ్మా, గాలి తగలనివ్వు. మీ సైన్సోళ్లకి తొందరెక్కువ లాగుందే!"

ఆవిడ పడీపడీ నవ్వారు. వారం రోజులు నీలం గోళ్లతోనే పాఠాలు చెప్పారు. అప్పటి నుంచి నన్ను మేస్త్రిగారూ అని పిలిచేవారు.

ఆ అమ్మాయి మళ్లీ మొదటి నుంచీ చేసింది. చాలా మందు పొడులు పరీక్షించాక ఒకటి, పడుకున్నదాని మీద కూడా పనిచేసేలా కనపడింది. అది మాత్ర కావడానికి ఇంకా చాలా గడపలు దాటాలట. ఇంకా దాటుతూనే ఉంది. అయినా మేడంగారు ఆ రోజు అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించారు. "మన గడప మనం దాటాంగా, తినండి," అన్నారు.

నేను రిటైరై చీరాల వచ్చేశాక కూడా పండక్కి ఫోను చేసేవారు. కుశలం అడిగాక ఒకటే మాట.

"చెప్పారా మేస్త్రిగారూ?"

"ఇంకా లేదండి."

"మీరు టీబీ క్రిమి కన్నా ఘటికులండీ. ఎన్నేళ్లయినా పడుకుంటారు!"

ఇద్దరం నవ్వుకునేవాళ్లం. పోయిన నెల కూడా అడిగారు. గొంతు బాగా నీరసించింది. నేను అదే జవాబు చెప్పాను.

ఇక అడిగేవారు లేరు. కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

అమ్మాయీ, ఈ పుస్తకం అచ్చుకు ముందు చదివేది నువ్వే. నీ తప్పు కాదని మేడంగారు చెబితే, జాలిపడి అన్నారనుకున్నావు. ఇప్పటికీ ఏ మూత పెట్టినా రెండుసార్లు తిప్పి చూస్తావు. వంటింట్లో గ్యాసు కూడా లేచి మళ్లీ చూసుకుంటానని నవ్వుతూ చెప్పావు. నాకు నవ్వు రాలేదు. ఆ మూతలు వదులు చేసింది నేను. నువ్వు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. నా వేళ్లకి ఒక్కటీ లొంగలేదు. భుజం మీద తువ్వాలు తీసి, చుట్టి, పళ్లు బిగపట్టి తిప్పాను, పన్నెండింటినీ.

ఈ పేరా కొట్టెయ్యకు. తప్పులుంటే దిద్దు. ఫోను చెయ్యకు, ఫోనులో నాకు మాట రాదు. ఉత్తరం రాయి. తిట్టినా సరే. తొందరగా రాయి తల్లీ.