కోలా కాయ వదలని ఎమ్మెల్యే

మా మామయ్య ఓజోఎమెనా చేతికి కోలా కాయ ఇచ్చారంటే అంతే సంగతులు. దీవెన మొదలుపెడతాడు గానీ ముగించడు. ఆకాశాన్నీ భూమినీ ఏడు వాగులనూ పోయిన పెద్దలనూ పుట్టబోయే మేకపిల్లలనూ వరసగా పిలుస్తాడు. మేం వాక్యవాక్యానికీ "ఇసె!" అని తథాస్తు పలకాలి. అయిదేళ్ళుగా ఆయన కారు తోలుతున్నాను. ఈ అయిదేళ్ళలో నేను మాట్లాడిన మాటల్లో సగం ఆ "ఇసె"లే.

మేం నమిలే ఈ చేదు కాయను దీవించి, విరిచి పంచితేగానీ మా వైపు ఏ సభా మొదలవదు. కాయ పట్టే హక్కు సభలో అందరికన్నా పెద్దవాడిది. అది మామయ్యకు అడ్డమే కాదు. ఎన్నికల కాగితాల్లో ఆయన వయసు యాభై ఎనిమిది. కోలా పళ్ళెం కనబడితే డెబ్బై తొమ్మిది.

"ఒరేయ్ ఓజో, నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకు నీళ్ళు కాచింది మా అమ్మేరా. అప్పటికే నేను మేకలు కాస్తున్నా" అన్నాడొక ముసలాయన.

"అది మా తమ్ముడు పుట్టినప్పుడు, బాబాయ్. నీకు మతిమరుపు. కాయ ఇలా తే."

బాబాయ్ అని పిలుస్తూనే ఆయనకన్నా పెద్దవాడైపోయాడు!

శాసనసభలోనూ ఇదే తంతు. బడ్జెట్ రోజున సభాపతి ఏ పరధ్యానంలో ఉన్నాడో, ప్రారంభ ప్రార్థన ఈయనకు అప్పగించాడు. రాజదండం మోసే ఉద్యోగి చేతులు మార్చుకుని మార్చుకుని చివరకు దాన్ని కట్టెలమోపులా భుజానికెత్తుకున్నాడు.

"ఆనరబుల్, ఇక ముగించండి."

"ఉండండి సార్. ఇంకా వంతెనల దగ్గరే ఉన్నాం. మంత్రుల దాకా రావద్దూ?"

ఆయన మంత్రుల దాకా వచ్చేసరికి ప్రతిపక్షం గొడవ చేసే ఓపిక కూడా లేక బడ్జెట్‌కు తలూపేసింది. మూడుసార్లు గెలిచాడంటే జనానికి ఈయన మీద మోజనుకునేరు. "ఓటు నీకే వేస్తాం ఆనరబుల్, ఇంటికి మాత్రం రావద్దు" అని వాళ్ళే దండం పెట్టేవారు.

మొన్న యామ్ దుంపల కోతలయ్యాక మామయ్య వంశంవాళ్ళంతా ఒక తగువు తీర్చడానికి ఉగోయె వాకిట్లో చేరారు. ఆవిడ భర్త పోయి ఏడాదైంది. ఇంటి వెనకున్న యామ్ మడి తనదేనని మరిది ఇలోకా వాదన. ఆ మడి పోతే ఆవిడకూ పిల్లలకూ తిండి లేదు. హద్దు నాటిన అనెకె అనే ముసలాయన ఒక్కడే సాక్షి. ఆయనేమో ఉత్తరాన కూతురి దగ్గరున్నాడు.

కారు దిగుతుండగానే ఉగోయె పరుగెత్తుకొచ్చింది.

"ఆనరబుల్ బావగారూ, పెద్దాయన బస్సు దారిలో చెడిపోయిందట. ఎవరిదో మోటారు సైకిలెక్కి వస్తున్నాడు. సాయంత్రం దాకా ఆపమంటే మరిది ఒప్పుకోవడం లేదు. మీరైనా చెప్పండి."

"నేనెవర్ని చెప్పడానికమ్మా? ఇది శాసనసభా ఏమన్నానా?" అంటూ చొక్కా సర్దుకుని లోపలికి పోయాడు మామయ్య.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మూడుసార్లు గెలిచి ఏం లాభం నువ్వు!" అని వెనకనుంచి అనేశాను. వినబడనట్టు నడిచాడు.

కోలా పళ్ళెం వచ్చింది. మామయ్యకు యథాప్రకారం డెబ్బై తొమ్మిదేళ్ళు వచ్చాయి. దీవెన మొదలైంది. వాగులు అయ్యాయి. పెద్దలు అయ్యారు. పొద్దు నడినెత్తికెక్కి దిగడం మొదలుపెట్టింది. మామయ్య సంతలోని గంపల దగ్గరికి వచ్చాడు.

"చాలిక, కాయ విరువు!" అని అరిచాడు ఇలోకా.

సభ గతుక్కుమంది. కోలా దీవెనకు అడ్డొస్తే మేకను ఇచ్చుకోవాలి, దీవెన మొదటినుంచి మొదలెట్టాలి. అది మా కట్టుబాటు.

"పాపం, తమ్ముడు తొందరపడ్డాడు" అన్నాడు మామయ్య ఎంతో నొచ్చుకున్నట్టు. "మేకను తోలుకురండి. ఓ ఆకాశమా..."

ఎవరో ముసలాయన ఏడుపుగొంతుతో "ఇసె" అన్నాడు. అప్పుడు చూశాను. మామయ్య కుడికన్ను మూసే ఉంది. ఎడమకన్ను మాత్రం రోడ్డు మీదుంది.

అంతే, నేను లేచి నిలబడి గొంతు చించుకుని "ఇసె!" అన్నాను. పక్కవాళ్ళు నాకూ పిచ్చెక్కిందనుకున్నారు. మామయ్య గొంతు బొంగురుపోయింది, తర్వాత కీచుమంది. పెదవులు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. ఎర్రదుమ్ము కొట్టుకుని ఇటుకలా తయారైన అనెకె, మోటారు సైకిలు దిగి వాకిట్లో అడుగుపెట్టేసరికి ఆ పెదవులు ఆగాయి. కాయ టక్కున విరిగింది.

అనెకె మంచినీళ్ళయినా అడక్కుండా అందర్నీ మడి వెనక్కి తీసుకుపోయాడు. "హద్దుకని ఈ ఓగిరిసి చెట్టు నేను నాటిందే. దీనికిటువైపు మడి అన్నయ్యది, అటువైపు తమ్ముడిది. ఇలోకా, ఆ రోజు గొయ్యి తవ్వింది నువ్వే కాదూ?" అన్నాడు. ఇలోకా ఒప్పుకోక తప్పలేదు. మడి ఉగోయెకే ఉండిపోయింది.

దారిలో అడిగాను. "పెద్దాయన వచ్చేదాకా ఆపుతానని ఆవిడతో ముందే చెప్పొచ్చుగా మామయ్యా?"

ఆయన నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

వారం రోజులు అలాగే ఉన్నాడు. ఆ వారం మా నియోజకవర్గంలో అందరూ వేళకు భోంచేశారు. ఎనిమిదో రోజు ఉగోయె గొంతుకు మంచిదని సీసాడు అడవి తేనె తెచ్చింది.

"వద్దురా నాయనా! నాలుగు రోజులు ప్రశాంతంగా ఉండనీ. అటకమీద దాచెయ్" అంది అత్తయ్య.

దాచాలనే సీసా తీసుకున్నాను. ఏమైందో, చెంచా కూడా తీసుకుని మామయ్య దగ్గరికి పోయి, "నోరు తెరువు" అన్నాను.