ఒక్క వారంలో తేల్చేసిన దేశం

2023 వానాకాలం. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో, మందుల కంపెనీలకు యంత్రాలు తయారుచేసే ఒక మధ్యరకం ఫ్యాక్టరీలో నేను ప్రాజెక్ట్ కోఆర్డినేటర్‌ని. పేరు గొప్పగా ఉంటుంది గానీ పని ఇంతే: యంత్రం కొన్నవాళ్ల కోపాన్ని మావాళ్లకు, మావాళ్ల సాకుల్ని కొన్నవాళ్లకు, ఎవరి మర్యాదా చెడకుండా చేరవేయడం. పదేళ్లకు పైగా అదే చేస్తున్నాను. ఆ వానాకాలంలో పడ్డంత విసుగు మాత్రం ఎప్పుడూ పడలేదు.

అప్పుడు టాంజానియాలోని ఒక మాత్రల కంపెనీకి రెండో ఎఫ్.బి.డి. తయారుచేస్తున్నాం. ఫ్లూయిడ్ బెడ్ డ్రయ్యర్ అన్నమాట. తడి మందుపొడిని పెద్ద గిన్నెలో పోసి, కింది నుంచి బ్లోయర్‌తో వేడిగాలి ఊది, పొడిని గాల్లో తేలుస్తూ ఆరబెట్టే యంత్రం. ఓడ ఎక్కించే ముందు కొన్నవాళ్లు వచ్చి మా దగ్గరే నడిపి చూసుకుంటారు. దాన్ని ఫ్యాక్టరీ యాక్సెప్టెన్స్ టెస్ట్ అంటాం. అది పాసైతేనే యంత్రం మా గేటు దాటుతుంది.

మొదటి యంత్రాన్ని బిగించడానికి అంతకుముందు ఏడాది ఎండాకాలంలో వెళ్లింది మా కమిషనింగ్ ఇంజనీర్ యాదగిరి. ఇక్కడికి దగ్గర్లోని కంది ఆయన ఊరు. పనిలో వంక పెట్టలేం. కానీ ఆ కంపెనీ ఉన్న దార్ ఎస్ సలామ్‌లో రెండు వారాలుండి వచ్చిన రోజు నుంచీ, ఆ దేశం గురించి మా క్యాంటీన్‌లో ఆయన చెప్పిందే వేదం.

"ఆ దేశమే గంత మేడం. పొద్దుగాల పదింటిదాంక ఒక్కడు రాడు. మూడు గొట్టంగనే అందరు మాయం. పని మీద సోయి ఉన్నోడు ఒక్కడు కనవడలే."

మా ఎండీ సార్ ఆ మాటను అక్షరాలా నమ్మారు. తమ మెకానిక్‌లకు ఈ యంత్రం మీద శిక్షణ ఇవ్వమని ఆ కంపెనీ ఎన్నిసార్లు అడిగినా, "నేర్పినా ఏం ఫాయిదా? యాదగిరి జూసొచ్చిండు గదా" అని కొట్టిపారేసేవారు. దాంతో అక్కడ రబ్బరు సీలు తెగినా, మా మనిషి విమానం దిగేదాకా ఆ యంత్రం మూలన పడి ఉండాల్సిందే. ఆ మంటతోనే ఆ కంపెనీ మెయింటెనెన్స్ మేనేజర్ రెహెమా, ఈసారి టెస్టుకు తానే వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. సన్నటి జడలు, గట్టి గొంతు, ఎదుటివాళ్లు నీళ్లు నమిలితే చూస్తూ ఊరుకునే రకం కాదు. ఈ టెస్టు నచ్చకపోతే ఇకముందు యంత్రాలు వేరేచోట కొంటామని వచ్చిన పూటే చెప్పేసింది.

ఇక చూడండి, మా అదృష్టం. హైవే వెడల్పు చేసే పనుల వల్ల మొదటి రోజే ఆమె కారు నీళ్లలో ఇరుక్కుపోయింది. మర్నాడు స్తంభాలు మారుస్తున్నారని కరెంటు బంద్ చేశారు. కరెంటు వచ్చాక యంత్రం తిప్పితే బ్లోయర్ వణికింది. బదులు బ్లోయర్ బాలానగర్ నుంచి రావాలి. అది పంపేవాడు "రేపు" అన్నాడు. ఆ రేపటికి మళ్లీ "రేపు" అన్నాడు. మావాళ్లు ఆ రేపుల్ని అట్లాగే ఆమెకు అందించారు. ఇవి చాలవన్నట్టు క్యాంటీన్‌లో ఒకరు సెల్ఫీ అడిగారు. ప్యాకింగ్‌లో పనిచేసే అమ్మాయి వెనక నుంచి వచ్చి ఆమె జడ పట్టుకుని చూసింది.

సార్ నన్ను పిలిచారు. "ఆమెను జెర మంచి మంచి జాగలకు తిప్పు. పెద్ద మాల్ ఏదన్న చూపియ్. ఇండియా అంటే గిదే అనుకుంటే ఎట్ల?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పటాన్‌చెరు ఇండియా కాకపోతే మరేమిటి? మాల్ చూపిస్తే మాత్రం ఆమెకు దేశం మొత్తం తెలుస్తుందా?

గురువారం మీటింగు గదిలో రెహెమా ఫైలు మూసేసింది. "నాకు అర్థమైపోయింది. ఈ దేశంలో ఎవరూ నిజం చెప్పరు. అందరూ తల ఊపుతారు, 'రేపు' అంటారు. ఇండియన్లను నమ్మి పని పెట్టుకోకూడదని మా డైరెక్టర్లకు చెప్తాను" అంది ఇంగ్లీషులో.

యాదగిరి కుర్చీలోంచి లేచాడు. "మేడం, మీరొచ్చి నాలుగు రోజులు గాలే. పటాన్‌చెరు దాటి పోలే. దేశమంత గట్లనే అని ఎట్లంటరు?" వచ్చీరాని ఇంగ్లీషులో ఆయన అన్నది ఇదే.

"మా దేశంలో మీరు ఎన్నాళ్లున్నారు?" అని ఆమె అడిగింది. తన గురించి, తన మనుషుల గురించి ఇక్కడ ఏం చెప్పుకుంటున్నారో ఆమెకు ఎప్పుడో తెలిసిపోయినట్టుంది.

యాదగిరి ఏమాత్రం తడుముకోకుండా, "అది వేరే" అన్నాడు.

అక్కడ నా ఓపిక తెగిపోయింది. కస్టమర్ ముందు గొంతు పెంచకూడదన్నది మా ఉద్యోగంలో మొదటి పాఠం. ఆ పూట అది మరిచిపోయాను. "పొడి ఆరిందో లేదో చూడటానికి మీరిద్దరూ గిన్నెలో ఎన్నిచోట్ల నుంచి శాంపిల్ తీస్తారు? పైనుంచి, అడుగు నుంచి, అంచుల నుంచి తీస్తారా లేదా? పైనున్న ఒక్క పిడికెడు పట్టుకుని బ్యాచ్ పాస్ అంటే ఒప్పుకుంటారా? పొడికి ఇచ్చే మర్యాద మనుషులకు ఇవ్వరా?"

రెహెమా యాదగిరి వైపు తిరిగింది, ఈసారి గొంతు తగ్గించి.

"మీరు వచ్చింది రంజాన్ నెలలో. మా మెకానిక్‌లలో ఎక్కువమంది ఉపవాసం. ఆలస్యంగా వచ్చి తొందరగా వెళ్లినమాట నిజమే. కానీ ఇఫ్తార్ తర్వాత తిరిగొచ్చి అర్ధరాత్రి దాటేదాకా పనిచేశారు. అప్పటికి మీరు హోటల్‌లో ఉండేవాళ్లు. పొద్దున మీరొచ్చేసరికి ఆ పైపులన్నీ ఎవరు బిగించారనుకున్నారు?"

యాదగిరి నా వైపు తిరిగాడు. "రంజాన్ అని తెల్సు మేడం," అన్నాడు నాతో. "రాత్రి పన్జేస్తున్నరని నాకెవ్వరు చెప్పలే."

"నువ్వు అడిగినవా అన్నా?" అన్నాను నేను.

రంజాన్‌లో మా ఎలక్ట్రీషియన్లను మేమే పెందలాడే ఇంటికి పంపుతాం. అందుకని ఈ దేశమంతా బద్ధకస్తులదని ఎవరూ అనలేదు. ఇల్లు దాటితే చాలు, మనకు తెలిసిన సంగతే తెలియకుండా పోతుంది.

ఆమెకు చెప్పాల్సింది కూడా నేనే చెప్పాను. కరెంటు, రోడ్డు మా చేతిలో లేనివి. బ్లోయర్ మాత్రం మా తప్పే. "రేపు రాదు. సోమవారం దాకా రాదు. రేపు అని చెప్పింది అబద్ధం. జడ పట్టుకోవడం కూడా తప్పే."

"వచ్చినప్పటి నుంచీ నాకు 'రాదు' అని చెప్పింది మీరొక్కరే," అని ఆమె తిరుగు ప్రయాణం వాయిదా వేసుకుంది.

ఆదివారం ఆమెను మాల్‌కు తీసుకెళ్లలేదు. సంగారెడ్డిలో మా ఇంటికి భోజనానికి పిలిచాను. మేం తినే అన్నం, పప్పు, కోడికూరే. పక్కింటి పెద్దమ్మ చూడటానికి వచ్చేసింది. వచ్చీ రాగానే, "ఆఫ్రికాల సింహాలు రోడ్ల మీదనే తిరుగుతయంట గదా బిడ్డా, అడుగు" అంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దాచిపెడితే రెహెమా పసిగడుతుంది. ఉన్నదున్నట్టే ఇంగ్లీషులో చెప్పాను.

రెహెమా పెద్దగా నవ్వింది. "నేను సింహాన్ని చూసింది ఒక్కసారే, డబ్బులు పెట్టి టికెట్ కొనుక్కుని, అని చెప్పండి." పెద్దమ్మ కూడా నవ్వి, ఆమె పళ్లెంలో ఇంకో ముక్క వేసింది.

పెద్దమ్మ వెళ్లాక రెహెమా తినడం ఆపింది. "ఇండియా నాకు చిన్నప్పుడే తెలుసనుకున్నాను," అంది. "మా వీధి చివర ఒక ఇండియన్ బట్టల కొట్టుండేది. మా అమ్మ వెళ్తే ఎప్పుడూ గుమ్మం బయటే నిలబెట్టి మాట్లాడేవాళ్లు. విమానం దిగేటప్పటికే నేను సగం కోపంతో ఉన్నాను." ఆమె పళ్లెంలో ఇంకాస్త అన్నం పెట్టి చారు పోశాను.

సోమవారం కొత్త బ్లోయర్ వచ్చింది, మర్నాటికి టెస్టు పాసైంది. వెళ్లేముందు రెహెమా సార్‌తో సూటిగా చెప్పింది: "మీ యంత్రం మంచిది. మీరు మాట ఇచ్చే పద్ధతి మంచిది కాదు. ఇండియా సంగతి నాకు తెలియదు." శిక్షణ ఇస్తేనే తర్వాతి ఆర్డర్ అంది. సార్ తల ఊపబోయి, ఆగి, నోటితోనే సరే అన్నారు.

శిక్షణకు యాదగిరినే పంపాలని నేను పట్టుబట్టాను. పోనన్నాడు, అలిగాడు, చివరికి వెళ్లాడు. నెలన్నర ఉన్నాడు. రాత్రి షిఫ్టులో వాళ్లతో కలిసి పనిచేశాడు, వాళ్ల ఇళ్లలో తిన్నాడు. ఆ తర్వాత ఆ యంత్రాల కోసం మా మనిషి విమానం ఎక్కాల్సిన అవసరం దాదాపు రాలేదు. వాళ్ల మెకానిక్‌లే చూసుకుంటున్నారు.

తిరిగొచ్చిన రోజు యాదగిరి క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చున్నాడు. కళ్లు మెరుస్తున్నాయి. "మేడం, ఏం దేశం మేడం అది! చెడ్డోడు ఒక్కడు లేడు. అందరు దేవుని అసుంటోళ్లే. మన దేశమే ఖరాబ్."

నేను నెత్తి పట్టుకున్నాను. "అన్నా, నువ్వెంతమందితోని ఉన్నవ్?"

"ఆ ఫ్యాక్టరోళ్లు, వాళ్ల ఇండ్లోళ్లు."

"మరి గాళ్లు మంచోళ్లని చెప్పు. గంతే."

"గంతే చెప్తే ఎవరింటరు మేడం?" అన్నాడు అమాయకంగా.

ఆ వ్యవహారం నాకు నేర్పిందల్లా ఆ ప్రశ్నలోనే ఉంది. చూసినంతే చెప్పే మాటకు వినేవాళ్లు తక్కువ. అందుకే చూడనిది కూడా కలిపి దేశమంత చేసి చెప్తాం, తిట్టినా పొగిడినా. ఇప్పుడు ఎవరు విదేశం వెళ్లి వచ్చినా, ఆ దేశం ఎట్లా ఉందని నేను అడగను. ఏ నెలలో వెళ్లారు, ఎవరితో కలిసి పనిచేశారు, ఎవరింట్లో తిన్నారు అని అడుగుతాను. చాలామంది రెండు ముక్కల్లో జవాబు చెప్పి, టీ గ్లాసు పట్టుకుని యాదగిరి బల్ల దగ్గరికి వెళ్లిపోతారు. అక్కడ ఎప్పుడూ జనమే.