మొదటి రోజు నుంచి హాజరు

మా కాజీపల్లి మందుల ఫ్యాక్టరీలో మధ్యాహ్నం రెండయితే చాలు, సర్వర్ పడిపోయేది. అది షిఫ్టు మారే వేళ. గేటు దగ్గర హాజరుకు వేలు పెట్టే మిషన్ పనిచేయక రెండు వందల మంది ఎండలో నిలబడేవారు. ఆ సర్వర్ బాధ్యత ఫర్హీన్‌ది. సంగారెడ్డి నుంచి రోజూ బస్సులో వస్తుంది. మంచినీళ్లకు లేచినా కంప్యూటర్ లాక్ చేసి మరీ లేచే మనిషి. నేను ఆమె పక్క సీట్లో డిస్పాచ్ చూస్తాను.

ఒకరోజు మేనేజర్ ముకుంద్ అందరి ముందే ఆమెను అడిగాడు. "నువ్వే పడగొట్టి నువ్వే లేపుతున్నవా ఏంది? నీతోని మాకు అవసరం ఉండాలెనని?"

"నేను గసుంటిదాన్ని కాదు సార్," అంది ఫర్హీన్. ఆయన వినలేదు. శుక్రవారంలోగా కారణం తేలకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు. సిగ్గుచేటే గానీ చెప్పాలి, నాకూ అనుమానం వచ్చింది. ఆమె ఎప్పుడు లేస్తుందో, ఎటు పోతుందో కనిపెడుతూ కూర్చున్నాను.

ఆమె అనుమానం తన్వీర్ మీద. అంతకుముందు ఆ పని చేసి, గొడవపడి మానేసినవాడు. పాస్‌వర్డులన్నీ మార్చేసింది. అయినా రెండింటికి సర్వర్ పడిపోయింది.

గురువారం ఆమె అన్నం కూడా తినకుండా తెర ముందు కూర్చుంది. రెండింటికి పది నిమిషాల ముందు, అప్పటిదాకా సగమే నిండి ఉన్న సర్వర్ మెమరీ చూస్తుండగానే పూర్తిగా నిండిపోయింది. అంతా ఒకే పేజీ కోసం అడుగుతున్నారు: చేరిన రోజు నుంచి హాజరు. అన్నీ ప్యాకింగ్ ఆడవాళ్ల ఫోన్లే. ఒక్కరు అడిగినా ఆ పేజీ ఫ్యాక్టరీ అందరి హాజరూ మెమరీలోకి లాగి, అందులోంచి వాళ్లది ఏరి చూపిస్తోంది. అందరూ ఒకేసారి అడిగితే ఏ మెమరీ చాలుతుంది?

"రోజూ మొదటిసంది ఎందుకు చూస్తరు? ఎవరో కావాలని చేయిస్తున్నరు," అంది ఫర్హీన్. ఆ సాయంత్రమే ఈ నెల హాజరు మాత్రమే కనిపించేలా మార్చేసింది. శుక్రవారం రెండు దాటినా సర్వర్ నిలబడింది. ముకుంద్ "సరే" అని వెళ్లిపోయాడు. అంత మాట అన్నవాడు తప్పయిందని ఒక్క ముక్క అనలేదు, నాకు ఒళ్లు మండింది.

సోమవారం ప్యాకింగ్‌లో పనిచేసే వీరలక్ష్మి మా గదిలోకే వచ్చింది. చేతిలో గోడ క్యాలెండర్లు, పనికొచ్చిన ప్రతి రోజు మీదా పెన్నుతో టిక్కు.

"నా పాత రోజులేవి? నిరుడు కాంట్రాక్టరు నాయి పన్నెండు రోజులు మాయం జేసిండు, కొట్లాడి మళ్ల ఎక్కిచ్చుకున్న. అప్పటిసంది డ్యూటీ ఎక్కే ముందు అందరం సూసుకుంటున్నం, ఉన్నయా పోయినయా అని. ఇప్పుడు నువ్వు గూడ ఆ కాంట్రాక్టరు మనిషివైనవా?"

"నేను గసుంటిదాన్ని..." అని ఫర్హీన్ ఆగిపోయింది. ఆ మాట మొన్న తనకే అక్కరకు రాలేదు.

"జెర రేపటిదాక ఆగు అక్కా," అంది.

మర్నాటికల్లా పేజీని తిరగరాసింది. ఎవరు అడిగితే వాళ్ల హాజరే వస్తుంది, చేరిన రోజు నుంచీ వస్తుంది. రెండింటికి అందరూ ఫోన్లు తీసి చూసుకున్నారు. సర్వర్ పడలేదు. వీరలక్ష్మి మా గుమ్మంలోనే నిలబడి, నెల నెలా క్యాలెండర్‌తో సరిచూసుకుంది.

"అన్నీ ఉన్నయి. రేపు గూడ సూస్త," అంది, అనుమానం పోని గొంతుతో.

"చూడు అక్కా. నన్ను నమ్మకు, రోజూ చూడు," అంది ఫర్హీన్.