అప్పయ్యమ్మ మెస్సులో మారన్నం

అన్నం మీద ఒట్టు. ఇంకే ఒట్టు వేసినా మీరు నమ్మక్కర్లేదు, దీన్ని మాత్రం నమ్మండి. పిల్లలకి లెక్కలు చెప్పుకుని బతికేదాన్ని నేను. దెయ్యం అనే మాట ఎవరైనా ఎత్తితే నవ్వి ఊరుకునే రకం. సాలూరులో మా స్కూలు పక్కనే శ్మశానం. చలికాలం చీకటి పడ్డాక కూడా ఆ గోడ వెంట ఒక్కదాన్నే నడిచి వస్తాను. అలాంటిదాన్ని... పోయిన వానాకాలం విజయనగరంలో ఏం జరిగిందో ఇవాళ్టికీ తేల్చుకోలేకపోతున్నాను.

ముందు మా సంగతి చెప్పాలి. మేం ముగ్గురం. నా పేరు గౌరి. సత్యవతిది కొత్తవలస. రత్నం... పూర్తి పేరు నూకరత్నం... కళింగపట్నంలో వేటకెళ్లే వాళ్ల పిల్ల. ముగ్గురం విజయనగరంలో టీచర్ ట్రైనింగు కలిసి చదివాం. పెళ్లిళ్లయి, ఉద్యోగాలొచ్చి తలో దిక్కూ అయ్యాక ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఏటా వానాకాలంలో ఒక రెండో శనివారం పిల్లల్నీ మొగుళ్లనీ ఇళ్ల దగ్గర వదిలేసి విజయనగరంలో కలవాలి. తినాలి. అంతే. గుడి లేదు, చీరల కొట్లు లేవు. పొద్దున్న గంటస్తంభం దగ్గర పెసరట్లు, మధ్యాహ్నం బిరియానీ, సాయంత్రం ఉల్లిపాయలు దట్టించిన టమాటా బజ్జీలు, రాత్రికి అప్పయ్యమ్మ గారి మెస్సు.

మెస్సంటే పెద్దదేం కాదు. మూడు లాంతర్ల జంక్షన్ వెనక సందులో ఒక రేకుల షెడ్డు, రెండు పొడుగాటి చెక్కబల్లలు. వండేదీ వడ్డించేదీ ఆవిడే. చేపల పులుసు అన్నం ఒక్కటే ఉంటుంది. మా రత్నం ఏ హోటల్లో చేప పెట్టినా వంక పెట్టేది. ఇది సముద్రంలో కన్నా ఐసులోనే ఎక్కువ కాలం కాపరం చేసిందే అనేది. అప్పయ్యమ్మ గారి పులుసు దగ్గర మాత్రం దాని నోరు మూతపడేది.

దానికొక అలవాటు ఉంది. చేప తినేటప్పుడు మాట్లాడితే ముల్లు దిగుతుందని వాళ్లింట్లో ఎవరూ నోరు తెరవరు. మారన్నం కావాలంటే వేలి కణుపుతో బల్ల మీద రెండుసార్లు కొడతారు. టక్... టక్. ముందు మేం ఎగతాళి చేసేవాళ్లం. తర్వాత అప్పయ్యమ్మ గారికి కూడా అది అలవాటైపోయింది. పొయ్యి దగ్గర ఉన్నా సరే, ఆ చప్పుడు వినగానే గిన్నె పట్టుకుని వచ్చేసేది.

మారు సంగతి మీకు తెలుసు కదా. మా ఇళ్లలో ఒక్కసారి వడ్డించి మనిషిని లేపరు. ఆకలి లేకపోయినా సరే, రెండోసారి నాలుగు మెతుకులైనా వెయ్యాలి. ఒక్కసారే పెట్టి ఊరుకునేది పోయినవాళ్లకి.

అంతకు ముందటేడు ఏం చేశానో ఇప్పుడు చెప్తాను. అదే మెస్సు, అదే బల్ల. రత్నం ఎన్నడూ లేనంత నెమ్మదిగా తింటోంది. ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని... నాకేమో సాలూరు ఆఖరి బస్సు తొందర. ఒకటికి నాలుగుసార్లు కసిరాను. అయినా అది బల్ల మీద టక్ టక్ మని కొట్టింది. అప్పయ్యమ్మ గారు గిన్నెతో రానే వచ్చింది. నేను దాని ఆకు మీద నా చెయ్యి అడ్డం పెట్టేశాను.

"సాలు, ఇంక లేయే. బస్సు పోద్ది. నీకెప్పుడూ తిండి గోలే."

అది నా మొహం చూసింది. లేచి చెయ్యి కడుక్కుంది.

రెండు నెలలకి తెలిసింది, దానికి కడుపులో గడ్డ అని. మాకెవరికీ చెప్పకుండా దాచింది. అప్పటికే ముద్ద దిగడం లేదట. విశాఖపట్నం ఆసుపత్రి నుంచి ఒకరోజు ఫోన్ చేసింది. గొంతు అరిగిపోయింది.

"మూడు నెల్లకి ఆ ఒక్కరోజే ఆకలేసిందే గౌరీ. మారెయ్యనియ్యనేదు నువ్వు."

అని నవ్వింది. నవ్విందా... దగ్గిందా... ఇప్పటికీ తెలీదు నాకు. వేళాకోళానికి అందో, మనసులో కష్టపెట్టుకునే అందో. అడగాల్సింది. లేచి రా, గిన్నెడు వడ్డిస్తానని ఏదో వాగి పెట్టేశాను. పది రోజులకి పోయింది. నా మీద కోపంతో పోయిందా లేదా అన్నది ఇంక ఎవర్నని అడగను?

మరుసటి వానాకాలం సత్యవతే బలవంతం చేసింది. ఇద్దరమే అయినా వెళ్దామంది. వెళ్లాం. అట్లు తిన్నాం, బిరియానీ తిన్నాం... గడ్డి నమిలినట్టుంది. ఈసారి ఆఖరి బస్సు పీడ వద్దని లాడ్జిలో గది కూడా తీసుకున్నాం. రాత్రి ఎనిమిదిన్నరకి మెస్సుకెళ్లాం. సన్నగా వాన. బల్ల దగ్గర మేమిద్దరమే. సత్యవతి నాకెదురుగా కూర్చుంది. నా కుడివైపు గోడ పక్కన రత్నం కూర్చునే చోటు... ఖాళీ.

అప్పయ్యమ్మ గారు ఆకులు వేస్తూ అడిగింది, మీ చేపల పిల్ల ఏదమ్మా అని.

నేను నోరు తెరిచాను. కానీ ఆకు ముందు కూర్చుని చావు మాట ఎలా ఎత్తను? మా అమ్మ చిన్నప్పుడే నేర్పింది, అన్నం దగ్గర ఆ కబురు చెప్పకూడదని. చెప్పలేక... ఏదో ఒకటి అనాలి కాబట్టి అనేశాను.

"ఎనకాల వస్తాది మామ్మా."

సత్యవతి నావైపు చూసింది. ఆ చూపు బాగుండలేదు. అప్పయ్యమ్మ గారు మాత్రం సరేనని పులుసు పోసి లోపలికి వెళ్లింది.

నాలుగు ముద్దలు తిన్నామో లేదో... కరెంటు పోయింది.

చీకటి. కళ్లు పొడుచుకున్నా కనబడని చీకటి. రేకుల మీద వాన. వంటింట్లో అప్పయ్యమ్మ గారు అగ్గిపెట్టె వెతుకుతున్న చప్పుడు. నా వేళ్లకి పులుసు. నేను కదల్లేదు. సత్యవతి కూడా కదల్లేదు.

అప్పుడు.

టక్...

...టక్.

బల్ల మీద. నా కుడివైపు. గోడ వైపు నుంచి. చెక్కబల్ల మీద ఏ పక్క కొడితే ఆ పక్క ముంజేతికి తగులుతుంది కదా... తగిలింది. నా కుడి ముంజేతికి సన్నగా అదురు తెలిసింది.

లోపల్నుంచి అప్పయ్యమ్మ గారి గొంతు. "వస్తన్నానమ్మా... మారే కదా."

అడుగులు వినబడ్డాయి. ఆవిడకి ఆ గదిలో దీపంతో పనేముంది? చీర చెంగు నా భుజానికి రాసుకుంది. నన్ను దాటింది. నా కుడి చెంపకి వేడి అన్నం ఆవిరి తగిలింది. గరిటె గిన్నె అంచుకి ఠంగుమంది... అన్నం పడింది. మెత్తగా... నా పక్కనే.

పులుసు తెస్తానుండమ్మా అని ఆవిడ వెనక్కి వెళ్లిపోయింది.

ఇక ఆ పక్కన... ఎవరో ఊపిరి పీల్చారు. వేడన్నం వాసన చూసినట్టు. చాలా నెమ్మదిగా. అది నా ఊపిరేమో అని బిగబట్టాను. అయినా వినబడింది.

అడగాలనే కదా ఏడాదంతా కొట్టుకున్నాను? కోపమా అని ఒక్క మాట. నా పక్కనే ఉంది, చెయ్యి చాపితే చాలు. కానీ నేనేం చేశానో తెలుసా? దిగ్గున లేచి, బల్ల మీద నుంచి సత్యవతి చెయ్యి పట్టుకుని లాగేశాను. నా నోట్లోంచి వచ్చిన మాట ఇదీ.

"లేయే, లే. బస్సు పోద్ది."

ఆ రాత్రి మాకు ఏ బస్సూ లేదు.

ఎంగిలి చేతులతో వానలో పడి లాడ్జికి పరిగెత్తాం. గదిలో నేను వణుకుతూ ఏడుస్తుంటే సత్యవతి నా చెయ్యి కడిగింది, తల తుడిచింది. ఆపుకోలేక దాన్ని అడిగాను, నువ్వూ విన్నావా అని. అది తువ్వాలు మడతపెట్టి, అప్పుడు చెప్పింది.

"నేనే కొట్టేనే. రత్నం గుర్తొచ్చింది, సెయ్యి దానికదే ఎల్లిపోయింది. నువ్వింకేటీ అనుకోకు."

ఎంత తేలికపడ్డానో చెప్పలేను. దాన్ని నాలుగు తిట్టి, నిద్రపోయాను కూడా.

పొద్దున్నే అప్పయ్యమ్మ గారికి క్షమాపణ చెబుదామని వెళ్లాం. ఆవిడ బల్లలు తుడుస్తోంది. నన్ను చూసి కోప్పడలేదు, బాధపడింది.

"మీరిద్దరూ లేసిపోతే పోయేరు. ఆ పిల్ల ఆలీసంగా వచ్చినాది, దాన్నేనా తిననియ్యొద్దేటమ్మా? దీపం తెచ్చి సూద్దును గదా, ఆకు లేకండా ఒట్టి బల్ల మీద ఏసీసేను. అన్నం అలగే ఉన్నాది. ఒక్క మెతుకు ముట్టనేదు."

అప్పుడు చెప్పాను. ఆ పిల్ల లేదు మామ్మా, చలికాలంలోనే పోయింది అని. అప్పయ్యమ్మ గారు తడిగుడ్డ పట్టుకుని అలాగే బల్ల మీద కూలబడింది. ఆ చప్పుడు విని ఆవిడ పొరపడిందనీ, కొట్టింది సత్యవతి అనీ చెప్పాను. ఆవిడ కళ్లు తుడుచుకుని, అది నాకు తెలిసిన చెయ్యమ్మా అంది.

సత్యవతిని రైలెక్కించడానికి స్టేషన్‌కి వెళ్లాను. కొత్తవలస బండి వచ్చేముందు నా చెయ్యి పట్టుకుంది.

"గౌరీ, నేను కొట్టనేదే. నువ్వు సచ్చిపోయేలాగున్నావని అలగన్నాను."

మరి ఇందాక మామ్మ దగ్గర ఎందుకు ఊరుకున్నావే అని అడిగాను. అది రైలెక్కేసింది. ఆ తర్వాత ఫోన్లో ఎన్నిసార్లు అడిగినా ఒకసారి కొట్టాననే అంటుంది, ఒకసారి లేదంటుంది. నన్ను ఓదార్చడానికి ఎప్పుడు అబద్ధమాడుతోందో దానికే గుర్తున్నట్టు లేదు.

నేను మాత్రం రోజూ అన్నం కలుపుకుంటూ ఇదే ఆలోచిస్తాను. సత్యవతే కొట్టి ఉంటే, రత్నం ఇంక ఎక్కడా లేనట్టే. నా మీద కోపంతోనైనా సరే, లేదు. అలా కాకుండా అది నిజంగా రత్నమే అయితే... కోపం ఏమీ లేకుండా, నేను రమ్మన్నానని వచ్చి, నా పక్కన కూర్చుని ఉంటే... వేడన్నం ముందు నుంచి దాన్ని మళ్లీ లేపేసింది నేనే. ఈ రెండింటిలో ఏది నిజం కావాలని దేవుణ్ణి అడగాలో తెలీక, ఏదీ అడగడం లేదు.