చేయి పెట్టని చాచా

మా పక్కింటి చాచా పోయాడని అన్న ఫోన్ చేసినప్పుడు నేను పాన్‌గల్‌లో నా ఆన్‌లైన్ సెంటర్ షట్టర్ ఎత్తుతున్నాను. సగం ఎత్తిన షట్టర్ దించేసి మా ఊరు కొత్తకోట బస్సెక్కాను. ఆ సెంటర్ ఉందంటే ఆయన పుణ్యమే.

చాచా తన చిన్న దుకాణంలో రేడియోలు బాగుచేస్తూ మొదలుపెట్టి, కంప్యూటర్లు బిగించే దాకా వచ్చిన మనిషి. నా మొదటి కంప్యూటర్ కూడా ఆయనే బిగించాడు. తీరా అంతా అయ్యాక ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టి, "సిస్టమ్ నువ్వే ఎక్కించుకో బేటీ" అన్నాడు. "నీతోని గాదు, చాచానే చెయ్యనియ్" అంటూ అన్న ఒకటే గొణుగుడు. చాచా మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

ఎక్కించాను. మెషిన్ ఆగి మళ్లీ వెలిగింది. వెలిగి, భాష ఏది కావాలని మళ్లీ మొదటి ప్రశ్నే అడిగింది. ఇంకోసారి ఎక్కించాను, మళ్లీ అదే ప్రశ్న. మూడోసారికి ఏడుపొచ్చింది.

"పెన్‌డ్రైవ్ గుంజెయ్యవా? అది ఉన్నంతసేపు మళ్ల దాంట్లకెల్లే మొదలువెడ్తది" అన్నాడు చాచా నిమ్మళంగా.

ముందే తెలిసీ ఊరుకున్నందుకు ఆయన మీద గయ్యిమన్నాను. ఆయన నవ్వాడు. "మూడుసార్లు చేసినవ్ గద, ఇగ మర్చిపోతవా? నేను చెయ్యి వెడితే గది నా మిషన్ అయితది."

ఆయనకు పిల్లలు లేరు. ఆయన పోయాక దుకాణం ఇక ఎత్తేసినట్టేనని బజారంతా అనుకున్నారు, నేనూ అనుకున్నాను. ఆ దుకాణం కూడా పోతే ఆయన రెండోసారి పోయినట్టేనని నా దిగులు.

భర్త పోయాక ఇంటిపట్టునే ఉండే ఇద్దత్ నాలుగు నెలల పది రోజులూ ముగిశాక, మొన్న చాచీ పిలిపించింది. దుకాణంలో బల్ల మీద ఆయన చివరిగా బిగించిన కంప్యూటర్ ఉంది. అందులో ఇంకా సిస్టమ్ లేదు.

"దుకాణానికే అని చేసుకున్నడు. ఎట్ల ఎక్కియ్యాల్నో చెప్పు బేటీ, నేను చేస్త" అంది.

నేను చెబుతుంటే ఆమె ఒక్కో మీటా నొక్కింది. అంతా సాఫీగానే సాగింది. చివర్లో, వాడేవాళ్ల పేరేమిటని తెర అడిగింది.

"చాచా పేరు పెడదామా?" అన్నాను.

చాచీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆయనొచ్చి కూసుంటడా? రేపటి సంది ఈడ కూసునేది నేను గద."

కళ్లద్దాలు సర్దుకుని, ఒంటివేలితో అక్షరాలు వెతుక్కుంటూ, తన పేరు కొట్టడం మొదలుపెట్టింది.