మనుషులకు మాత్రమే కనిపించే అడ్రసు

మా వీధిలో ఏ షాపు పేరు చదివినా అది బోర్డుల బాబాయి చేతివ్రాతే. వీధి మొత్తం ఆయన్ని బాబాయనే పిలుస్తుంది. అన్నకూతురికి మాత్రం నిజంగానే బాబాయి. వెబ్‌సైట్లు తయారుచేసే ఉద్యోగంలో ఉన్న ఆ అమ్మాయి, ఫ్లెక్సీల ధాటికి ఆయన కుంచెలు ఎండిపోతున్నాయని జాలిపడి, ఆయన రాసిన బోర్డుల ఫొటోలతో ఒక పేజీ పెట్టింది. అడుగున చిన్న అక్షరాల్లో ఈమెయిల్ అడ్రసు వేసింది.

బాబాయి అది చూసి నొచ్చుకున్నాడు. "చీమలు పాకినట్టుందమ్మా. బోర్డన్నాక బస్సులో పోయేవాడిక్కూడా కనపడాలి."

"వెబ్‌సైటు ముందునుంచి బస్సులు పోవు బాబాయ్."

"ఏవో పోతాయిలే. పైనొకటి, కిందొకటి, ప్రతి ఫొటో పక్కనా ఒకటి వెయ్యి."

వేసింది. ఏవో పోనే పోయాయి. వారం తిరక్కుండా ఉత్తరాల వరద మొదలైంది. జుట్టు రాలనివ్వని నూనెవాళ్ళు, పొట్ట కరిగించే మాత్రలవాళ్ళు, తన ఆస్తికి వారసుణ్ణి వెతుక్కుంటున్న ఒక వితంతు మహారాణి. తన కీర్తి అంతఃపురాల దాకా పాకినందుకు బాబాయి లోలోపల మురిసిపోయాడు.

ఆయనకు జీవితంలో రెండు నియమాలున్నాయి. వచ్చిన ఉత్తరానికి జవాబివ్వాలి. ముందొచ్చినవాడి పని ముందు చెయ్యాలి. ఒంటివేలితో టైపు కొట్టే మనిషి కాబట్టి ఒకే జవాబు తయారుచేసుకుని, దాన్నే కాపీ చేసి వరసగా అందరికీ పంపేవాడు: "అయ్యా, తమ లేఖ అందినది. నా తలపై వెంట్రుకలు లేనందున తమ నూనెతో పని లేదు. బోర్డు పని ఉన్నచో తెలుపగలరు." మహారాణికీ ఇదే వెళ్ళింది.

ఇంతలో గ్రంథాలయానికి కొత్త భవనం లేచింది. గుమ్మం పైన గోడమీద పేరు చేత్తోనే రాయించాలని కార్యదర్శి పట్టుబట్టాడు. ఫ్లెక్సీ చాలదా అని కమిటీలో సగంమంది. "మెయిల్ పెడతాను, సోమవారంలోగా జవాబివ్వండి. లేకపోతే ఫ్లెక్సీవాళ్ళదే రాజ్యం" అని బాబాయికి చెప్పి వెళ్ళాడు. అంత గోడ దొరికి బాబాయికి ఎన్నేళ్ళయిందో. అన్నం తింటూ కూడా వేలితో గాల్లో అక్షరాలు దిద్దుకుంటున్నాడు.

ఆదివారం అన్నకూతురు వచ్చింది. "గ్రంథాలయంవాళ్ళు రాశారా?"

"వరసలో ఎక్కడో ఉండుంటారమ్మా. నేనింకా మాత్రలవాళ్ళ దగ్గరే ఉన్నాను."

ఆ అమ్మాయి ఫోను లాక్కుని చూసింది. ఇద్దరు నూనెవాళ్ళ మధ్య కార్యదర్శి నలిగిపోతూ కనిపించాడు: 'మీరు సరేనంటే కొలతలూ, రాయవలసిన మాటలూ పంపుతాం.' వెంటనే సరేనని కొట్టి, పాత అడ్రసు మూసేస్తున్నామని, కొత్తది రేపటికి పేజీలో ఉంటుందని చేర్చింది. తర్వాత బాబాయిని కూర్చోబెట్టింది.

"వీళ్ళెవరూ నిన్ను చూసి రాయలేదు బాబాయ్. అడ్రసులు ఏరుకోవడానికే కొన్ని ప్రోగ్రాములు పేజీలన్నీ తిరుగుతుంటాయి. మధ్యలో ఆ సున్నాచుట్టిన 'ఎ' గుర్తుంటే చాలు, అటూఇటూ ఉన్న అక్షరాలు మూటగట్టుకుని పోతాయి. నువ్వు జవాబిస్తే ఇక్కడ మనిషున్నాడని రూఢి అవుతుంది."

"అంటే అక్షరాల అందం చూడవూ?"

"అక్షరాలు బొమ్మలో ఉంటే చాలామటుకు వాటి కంటికే ఆనవు."

దొంగతనాన్ని క్షమించాడు గాని, ఈ గుడ్డితనాన్ని క్షమించలేకపోయాడు. కొత్త అడ్రసు తనే రాస్తానన్నాడు. నీడలు, తీగలు, తీగలకు మొగ్గలు పెట్టి, చెక్కమీద రాసి ఇచ్చాడు. అమ్మాయి దాన్ని ఫొటో తీసి పేజీలో పెట్టింది. చూపులేనివాళ్ళకు బొమ్మ పనికిరాదని కింద ఫోన్ నంబరూ వేసింది.

నూనెవాళ్ళు ఆగిపోయారు. మిగతా ప్రపంచమూ ఆగిపోయింది. పిన్ని ఆ చెక్కను ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా తిప్పి చూసింది. "మిషన్లను బాగానే తరిమారు. మనుషుల్ని కూడా ఎందుకు తరమడం?"

బుధవారం కార్యదర్శి స్వయంగా మెట్లెక్కి వచ్చాడు. టోపీ సర్దుకుంటూ, "ఫోనులో అడిగితే అయిపోయేది, కానీ ఇది ముఖాముఖి చెప్పాల్సిన మాటండీ. మీ అడ్రసు కమిటీలో ఒక్కరికీ చదవరాలేదు. సొంత అడ్రసే కనపడనివ్వనివాడు మన పేరేం కనపడనిస్తాడని ఫ్లెక్సీ పక్షంవాళ్ళు అడుగుతున్నారు" అన్నాడు.

బాబాయి కుంచె అందుకున్నాడు. చెక్కకు తెల్లరంగు పట్టించి, ఆరాక, ఒక్క నల్లరంగుతో, నీడా తీగా లేకుండా, నిలబడి రాశాడు. పిన్ని దాన్ని వీధిలోకి పట్టుకెళ్ళి అవతలి పేవుమెంటు మీద నిలబడింది. కార్యదర్శి కిటికీలోంచి చివరి అక్షరం దాకా గట్టిగా చదివాడు.

"మా గోడకి కావలసింది ఇదేనండీ" అన్నాడు.

సాయంత్రానికి కొత్త బొమ్మ పేజీలోకి ఎక్కింది. మర్నాడే కొత్త పెట్టెలో ఒకే ఒక ఉత్తరం: కొలతలు, రాయవలసిన మాటలు. బాబాయి కళ్ళజోడు తుడుచుకుని, తానే జవాబు పంపుతానన్నాడు. పాత జవాబును కాపీ చేసి, కింద "శుక్రవారం నిచ్చెనతో వచ్చెదను" అని చేర్చాడు. పైనున్న వెంట్రుకల వాక్యం తీసెయ్యడం మరిచాడు.

పది నిమిషాల్లో కార్యదర్శి రాశాడు: "నా తల మీదా లేవండి. నిచ్చెన మాత్రం మా దగ్గరుంది."